నడిసంద్రంలో పద్దు

విహార నౌకలో బార్ బల్ల దగ్గర నిలబడి నోటు చాపితే పుచ్చుకోరు. డాలరు నోటైనా అంతే, రూపాయి నోటైనా అంతే. గది తలుపు తెరిచే కార్డునే అక్కడా చూపించాలి. కాఫీకీ అదే, టీషర్టుకీ అదే, మసాజ్‌కీ అదే. రేవులో దిగి ఊరు చూసొచ్చి మళ్లీ ఓడెక్కేటప్పుడు గుర్తింపు పత్రం కూడా అదే. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణం కట్టింది; ఆ మరుసటి ఏడాది విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరుచుకుంది. అప్పటిదాకా మయామీకో సింగపూర్‌కో వెళ్లి చూడాల్సిన ఈ పద్ధతి మన తీరానికీ వచ్చింది.

ఇంతకీ ఆ కార్డులో డబ్బు లేదు. మెట్రో కార్డులో ఉండేపాటి నిల్వ కూడా లేదు. వీధి చివర కిరాణా కొట్లో "పద్దు రాసుకో" అని సరుకు పట్టుకెళ్లినట్టే ఇదీ. ఓడంతా కలిపి ఒకటే కొట్టు, ఒకటే ఖాతా పుస్తకం. ఆ పుస్తకం ఓడలోనే ఒక సర్వర్‌లో ఉంటుంది. ఎవరి పేజీలో రాయాలో చెప్పడమే కార్డు చేసే పని. ఇంత చిన్న పనికి ఇంత చరిత్ర ఏమిటనిపిస్తుంది గానీ, ఉంది.

పాతకాలపు ఓడల్లో డబ్బు వ్యవహారమంతా పర్సర్ అనే అధికారి చేతిలో ఉండేది. టైటానిక్‌లో ఆయన పేరు హ్యూ మెకెల్రాయ్. నగలూ నోట్లూ ఆయన కార్యాలయంలో దాచుకునేవారు, రసీదు పుచ్చుకునేవారు. తాగినదానికీ తిన్నదానికీ చీటీ మీద సంతకం చేసి, చివర్లో లెక్క తేల్చుకోవడం ఓడల మీద చాలాకాలం నడిచిన పద్ధతి. ఇవాళ్టికీ కార్నివాల్ సంస్థ తన ఓడ కార్డును 'సెయిల్ అండ్ సైన్' అనే పిలుస్తోంది. సంతకం పోయి, పేరు మిగిలింది.

చీటీ ఎందుకు, అక్కడికక్కడ డబ్బు తీసుకోవచ్చుగా? రోజుకో దేశం రేవు, రేవుకో నాణెం. చిల్లర దొరకదు. వందలమంది సిబ్బంది చేతుల్లో నగదు తిరిగితే ప్రతి రాత్రీ లెక్కపెట్టాలి, కాపలా కాయాలి. ఇవన్నీ నిజమైన కారణాలే. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని సంస్థలు ప్రకటనల్లో వేసుకోవు. 1950లో మొదలైన ఫ్రెంచి విహార సంస్థ క్లబ్ మెడ్ తన సెలవు గ్రామాల్లో డబ్బుకు బదులు పూసలు చెలామణీ చేసింది. మెడలో పూసల దండ. పానీయం కావాలంటే పూస తీసి ఇవ్వడమే. ఈతకొలను దగ్గర జేబు ఉండదు కనుక అది సౌకర్యమే. కానీ పూస ఇస్తుంటే డబ్బు ఇస్తున్నట్టు అనిపించదు. ఆ 'అనిపించకపోవడం' ఎంత బలమైనదో ఎంఐటీకి చెందిన డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో అచ్చయిన ప్రయోగంలో చూపించారు. బాస్కెట్‌బాల్ టికెట్లను వేలం వేస్తూ, కొందరికి నగదుతో కట్టాలనీ మిగతావారికి క్రెడిట్ కార్డుతో కట్టాలనీ చెప్పారు. కార్డు జట్టు పాడిన సగటు పాట నగదు జట్టు పాటకు రమారమి రెట్టింపు. ఆట అదే, సీట్లూ అవే.

చీటీ కార్డుగా మారడానికి రెండు కనిపెట్టుళ్లు కావలసి వచ్చాయి. రెండూ నేల మీదే పుట్టాయి.

మొదటిది అయస్కాంత పట్టీ. 1960 ప్రాంతంలో ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కోసం గుర్తింపు కార్డు తయారుచేస్తున్నాడు. టేప్ రికార్డర్లలో వాడే అయస్కాంత టేపు ముక్కను ప్లాస్టిక్ కార్డుకు అతికించాలి. ఏ జిగురు వాడినా టేపు మెలితిరిగిపోవడమో, పాడవడమో. విసిగిపోయి ఇంటికొచ్చేసరికి భార్య డొరొథియా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. సంగతి విని, ఇస్త్రీ పెట్టెతోనే అతికించి చూడమంది. ప్లాస్టిక్ మెత్తబడి టేపు అంటుకునేంత వేడి, టేపు కాలిపోనంత వేడి: సరిగ్గా కుదిరింది. ప్రపంచమంతా గీకిన కార్డుల వెనక నల్లపట్టీ కథ ఇది.

ఆ పట్టీలో మూడు వరసలుంటాయి. మూడింటిలో కలిపి పట్టేవి 226 అక్షరాలు, అంటే ఈ పేరా పొడవంత కూడా కాదు. చెల్లింపులకు ఎక్కువగా వాడే రెండో వరసలో 40కి మించవు. పట్టీని గీకినప్పుడు అందులోని సూక్ష్మ అయస్కాంతాల దిశ మారే చోటల్లా చదివే పరికరంలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. దిశ ఎంత దగ్గరగా మారింది, ఎంత దూరంగా మారింది అన్నదాన్ని బట్టి ఒకటో సున్నానో తేలుతుంది. వేగంగా గీకినా మెల్లగా గీకినా ఈ నిష్పత్తి చెడదు. అందుకే వెయిటర్ చేతి వేగం ఎలా ఉన్నా యంత్రం చదివేస్తుంది.

రెండోది తాళం. నార్వేకు చెందిన టోర్ సోర్నెస్ 1970ల్లో హోటళ్ల కోసం ప్లాస్టిక్ తాళంచెవి కనిపెట్టాడు. కార్డు మీద 32 చోట్ల రంధ్రం ఉండొచ్చు, లేకపోవచ్చు. రెండును ముప్పైరెండు సార్లు గుణించుకుంటే 400 కోట్లు దాటిన అమరికలు వస్తాయి. అతిథి మారితే తాళం విప్పి మార్చక్కర్లేదు, కొత్త కార్డు ఇస్తే చాలు. తర్వాత రంధ్రాల స్థానంలో అయస్కాంత పట్టీ వచ్చి చేరింది. ఇలాంటి గది తాళం చాలాచోట్ల ఏ కంప్యూటర్‌కూ తీగతో కలిసి ఉండదు. బ్యాటరీతో ఒంటరిగా నడుస్తుంది. ఏ గది, ఏ రోజుదాకా, ఏ వరస నంబరు అన్నది కార్డే తాళానికి చెబుతుంది. కొత్త నంబరు చూడగానే తాళం పాతదాన్ని చెల్లదంటుంది. బార్ దగ్గర నోరెత్తని కార్డు తలుపు దగ్గర మాత్రం తనే కబురు మోస్తుందన్నమాట.

ఓడవాళ్లు పద్దునూ తాళంచెవినీ ఒకే ముక్కలో కుదిర్చారు. దానికి మూడో పని కూడా తగిలించారు: తలలెక్క. రేవులో దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కార్డు చూపిస్తే కాపలాదారు తెరమీద మీ ఫొటో వస్తుంది, లెక్క మారుతుంది. బయల్దేరేముందు ఓడలో ఎందరున్నారో తేల్చాలన్నది సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం పెట్టిన నియమం. ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో చెప్పే అక్షరం కూడా చాలా కార్డుల మీద అచ్చువేసి ఉంటుంది. నన్నడిగితే మిగతా రెండు పనులూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

మరి బ్యాంకు సంగతి? ఇక్కడే ఓడకూ ఊరి దుకాణానికీ తేడా. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగిన ప్రశ్న అక్కడిదాకా ఎక్కి నేలకు దిగి, జవాబు మళ్లీ ఆ దారినే రావడానికి అర సెకను పడుతుంది. అది భరించొచ్చు. కానీ ఆ దారి చాలాకాలం ఇరుకు, బాగా ఖరీదు, గాలివానలో నమ్మకం తక్కువ. ప్రతి కప్పు కాఫీకీ బ్యాంకును అడగడం జరిగే పని కాదు. కాబట్టి ఓడ తన పుస్తకంలో తనే రాసుకుంటుంది. బ్యాంకుతో మాట్లాడేది అప్పుడప్పుడు, మూటగా. ముందుజాగ్రత్తగా, ఓడెక్కేటప్పుడు మీరిచ్చిన బ్యాంకు కార్డు మీద కొంత మొత్తం 'హోల్డ్' పెడుతుంది, అంటే మీరు వాడుకోకుండా ఆపి ఉంచుతుంది. ఇప్పుడు తక్కువ ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు చాలా పెద్ద ఓడల మీద ఇంటర్నెట్ కురిపిస్తున్నాయి. అయినా ఖాతా పద్ధతి పోలేదు. పోతుందని నేననుకోను, పూసల లాభం తెలిసినవాళ్లు పూసలు వదులుకోరు.

ఈ హోల్డ్ దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. క్రెడిట్ కార్డయితే వాడుకునే పరిమితి కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డో, ముందే డాలర్లు నింపుకున్న ఫారెక్స్ కార్డో ఇస్తే మీ అసలు సొమ్మే బిగుసుకుపోతుంది, ఓడ దిగాక కూడా కొన్ని రోజులదాకా వదలదు. రేవులో బేరమాడి కొనుక్కుందామనుకున్న డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. ఇంకో చిక్కు: 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూతపడే ఉంటాయి, మనమే తెరుచుకోవాలి. ఇంటి దగ్గర రెండు నిమిషాల పని, ఓడెక్కే వరసలో నిలబడి చేయాలంటే ఓటీపీ అందకపోవచ్చు. కార్డే వద్దనుకుంటే చాలా ఓడలు నగదు జమ కట్టించుకుని ఖాతా తెరుస్తాయి. ఆ జమ అయిపోగానే మళ్లీ వరసలో నిలబడాలి. రేవులో టాక్సీకీ సంతకీ మాత్రం చిన్న నోట్లు దగ్గరుండాల్సిందే, ఓడ కార్డు ఒడ్డున గాజుముక్కకు కూడా కొరగాదు.

కార్డుకో బలహీనత ఉంది. బ్యాంకు కార్డుల పట్టీ అయస్కాంతానికి మొండిది, ఆ మొండితనాన్ని కొలిచే ప్రమాణంలో 2,750 ఓర్‌స్టెడ్ల పైమాట. మళ్లీ మళ్లీ రాయాల్సిన గది కార్డుల పట్టీ తరచూ 300 దగ్గరే ఉంటుంది. ఫోన్ కవరులో మూతకు పెట్టిన అయస్కాంతం చాలు, మర్నాడు తలుపు తెరుచుకోదు. రేడియో చిప్ ఉన్న కార్డులకు ఈ బాధ లేదు.

ఆ చిప్ దారినే ఇంకొంచెం ముందుకెళ్లి, 2017లో ప్రిన్సెస్ సంస్థ రీగల్ ప్రిన్సెస్ ఓడలో 'మెడాలియన్' దించింది. నాణెమంత బిళ్ల. రూపకర్త జాన్ ప్యాడ్జెట్ అంతకుముందు డిస్నీ పార్కుల చేతి పట్టీ మీద పనిచేసినవాడు. బిళ్లలో దగ్గరకు తెస్తే పలికే ఎన్‌ఎఫ్‌సీ, దూరంనుంచే పలికే బ్లూటూత్ రెండూ ఉన్నాయి. గోడల్లో సెన్సార్లు. మీరు దగ్గరికి రాగానే తలుపు తాళం వీడుతుంది, అడిగిన పానీయం మీరు కూర్చున్న చోటికే వస్తుంది. తప్పిపోయిన పిల్లవాడు ఏ అంతస్తులో ఉన్నాడో తెలుస్తుంది. కిరాణా కొట్టు పద్దుకు మాత్రం మీరెక్కడ ఎంతసేపు నిలబడ్డారో తెలిసేది కాదు. నాకిది నచ్చలేదనను, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు నచ్చితీరుతుంది కూడా. కాకపోతే లెక్క ఇప్పుడు డబ్బుది మాత్రమే కాదు.

చివరి రాత్రి పద్దు మూస్తారు. రోజుకింతని తలకు వేసే సేవా రుసుము, పానీయాల మీద మళ్లీ వేరే శాతం, కాసినోలో కార్డు మీద డబ్బు తీసుకుంటే చాలాచోట్ల దాని మీద మరో రుసుము, అన్నీ వరసగా కనిపిస్తాయి. కొన్ని ఓడలు రూపాయల్లోనే కట్టేయమని ఊరిస్తాయి. ఆ మారకపు రేటు సాధారణంగా మన బ్యాంకు రేటుకన్నా చెడ్డది, డాలర్లలోనే కట్టడం మేలు. తప్పు కనిపిస్తే ఆ రాత్రే కౌంటర్‌కు వెళ్లి చెప్పాలి. ఒడ్డుకు దిగాక ఈమెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి.