స్పోర్ట్స్ కార్లకు శీతాకాలపు టైర్లు

శీతాకాలపు టైర్లు అనగా ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉండే ప్రాంతాలలోను, మంచు పేరుకొనే రోడ్ల మీదను నడపడానికి ప్రత్యేకమైన రబ్బరుతో తయారుచేసే టైర్లు. వీటిని మంచు టైర్లు అని కూడా అంటారు. పేరులో శీతాకాలం ఉన్నది కదా అని హైదరాబాదు చలికాలంలో వీటిని వేయించవలసిన అవసరం లేదు. వేయిస్తే నష్టం కూడా కలదు. అయితే అమీర్‌పేట, పంజాగుట్టలలో కంప్యూటరు కోర్సులు నేర్చుకొని ఉత్తర అమెరికాకు వెళ్ళి, మొదటి జీతాలతో పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొనే యువకులకు వీటిని గురించి తెలిసి ఉండడం ప్రాణావసరం.

రబ్బరు మరియు చలి

ఒక్కొక్క టైరు నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయి అంత మాత్రమే. ఆ కొద్దిపాటి రబ్బరు మెత్తగా ఉండి, రోడ్డు మీది సన్నని గరుకులోకి ఒదిగినప్పుడే పట్టు దొరుకుతుంది. చలి పెరిగినకొద్దీ రబ్బరు బిగుసుకొంటుంది. వేసవిలో గిన్నెలో జారిపోయే నెయ్యి పుష్యమాసపు ఉదయాన చెంచాకు లొంగదు. రబ్బరు నెయ్యి వలె ఒక్కసారిగా పేరుకోదు, క్రమక్రమంగా గట్టిపడుతుంది, పోలిక అంతవరకే. కనుక 7 డిగ్రీలు అన్నది ఒక గుర్తు మాత్రమే గాని, ఆ అంకె దగ్గర గీత గీసినట్లు ఏదీ మారిపోదు.

స్పోర్ట్స్ కార్లకు కర్మాగారంలో సాధారణంగా వేసి పంపేవి వేసవి టైర్లు. వేడి రోడ్డు మీద, అధిక వేగంలో కరుచుకొని ఉండడానికి వీటి రబ్బరును కూర్చుతారు. సున్నాకు 7 డిగ్రీల దిగువన వీటి రబ్బరు పగుళ్ళివ్వవచ్చునని, అంతటి చలిలో కారును కదపనే వద్దని పలు టైరు కంపెనీలు హెచ్చరిస్తాయి.

శీతాకాలపు టైరులో సిలికా పాలు ఎక్కువగా ఉంచి, చలిలో కూడా మెత్తదనం పోకుండా చూస్తారు. దాని దిమ్మెల మీద కత్తితో గాట్లు పెట్టినట్లు సన్నని చీలికలు వందల సంఖ్యలో ఉంటాయి. వీటిని సైపులు అంటారు. చక్రం దొర్లేటప్పుడు ఇవి విచ్చుకొని, అంచులతో మంచును పట్టుకొంటాయి. వెడల్పైన గాళ్ళలో మంచు కూరుకొనడం లోపమని తోచవచ్చును గాని అదే కావలసినది. మంచు మంచుకే బాగా అతుక్కొంటుంది.

చరిత్ర

తొలి శీతాకాలపు టైరును ఫిన్లాండు దేశంలో 1934లో లారీల కోసం తయారు చేశారు. నేడు నోకియన్ టైర్స్‌గా ఉన్న సంస్థకు పూర్వరూపమైన కంపెనీ దీనిని చేసింది. 1936లో అదే కంపెనీ కార్ల కోసం హక్కపెలిట్టా అనే టైరును విడుదల చేసింది. ఆ పేరు నేటికీ వాడుకలో ఉన్నది. మన దేశపు అపోలో టైర్స్ 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్ సంస్థను కొనుగోలు చేయడంతో, ఐరోపా మంచుకు పనికివచ్చే టైర్లు చేసే విద్య ఒక భారతీయ కంపెనీ చేతికి వచ్చింది. అదే అపోలో సంస్థ 2020లో ఆంధ్ర ప్రదేశ్‌లోని సత్యవేడు దగ్గర చినపాండూరులో కర్మాగారం ప్రారంభించింది.

హైదరాబాదులో

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీలకు అటూ ఇటూగాను, పగటి ఉష్ణోగ్రత 28 డిగ్రీల ప్రాంతంలోను ఉంటుంది. నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు (1946 జనవరి 8). అనగా శీతాకాలపు టైరుకు తగిన చలి ఈ నగరానికి చాలా అరుదు. లంబసింగిలోను, ఆదిలాబాదు జిల్లాలోను తెల్లవారుజామున అంతకంటే చలి పుడుతుంది గాని రోడ్లపై మంచు పేరుకోదు. ఇటువంటి చోట శీతాకాలపు టైరు వేస్తే దాని మెత్తని రబ్బరు మధ్యాహ్నపు ఎండలో త్వరగా అరిగిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, బ్రేకు వేసినప్పుడు దిమ్మెలు వంగిపోయి కారు ఆగే దూరం పెరుగుతుంది.

అమీర్‌పేట నుండి పంజాగుట్ట వరకు రహదారి మెట్రో స్తంభాల నడుమ రోజంతా వాహనాలతో నిండి ఉంటుంది. అక్కడ స్పోర్ట్స్ కారుకు, ఆటోకు వేగంలో భేదం లేదు. భేదం కనబడేది ఆదివారం తెల్లవారుజామున బాహ్య వలయ రహదారి ఎక్కినప్పుడే. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో టైరు చల్లగా ఉంటుంది. మొదటి కొన్ని కిలోమీటర్లలో, విశేషించి పందేల కోసం చేసిన రకాలలో, పట్టు తక్కువ. మధ్యాహ్నం 30 డిగ్రీల వద్ద 32 పి.ఎస్.ఐ. గాలి పట్టిస్తే, మర్నాటి ఉదయం 15 డిగ్రీల వద్ద అది 30 కంటే కొంచెం తక్కువ చూపుతుంది. అందువలన గాలిని ఉదయం బయలుదేరే ముందే, చల్లని టైరులోనే చూడాలి.

ఇక్కడి డ్రైవరుకు మంచు కంటే నీరే ప్రమాదకరం. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతపు వాయుగుండాలు నగరంపై కుండపోతగా కురవడం కద్దు. 2020 అక్టోబరు 13న కురిసిన వాన ఇందుకు ఉదాహరణ. నీటిని గాళ్ళు బయటికి తోసివేయలేనప్పుడు టైరు నేలను వదలి నీటిపొర మీద తేలుతుంది. దీనిని ఆక్వాప్లేనింగ్ అంటారు. విమానాల చక్రాలపై జరిపిన పరిశోధన నుండి వచ్చిన ఒక సూత్రం ప్రకారం, ఇది మొదలయ్యే వేగం (గంటకు మైళ్ళలో) టైరులోని పి.ఎస్.ఐ. పీడనపు వర్గమూలానికి సుమారు 10.35 రెట్లు. 32 పి.ఎస్.ఐ. ఉన్న గుండు టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల వద్ద తేలుతుంది. 25 ఉంటే 83 వద్దనే. స్పోర్ట్స్ కారు టైరు వెడల్పు కనుక దానికి తోసివేయవలసిన నీరు కూడా ఎక్కువ. గాళ్ళలో కనిపించే చిన్న గట్ల మట్టానికి, అనగా 1.6 మిల్లీమీటర్లకు, దిమ్మెలు అరిగితే ఆ టైరు పని అయిపోయినట్లే. వాన రోజులు దృష్టిలో ఉంచుకొంటే 3 మిల్లీమీటర్ల వద్దనే మార్చడం మంచిది.

దిగుమతి టైర్లు కొనేవారు తయారీ తేదీ చూడడం మరువరాదు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 3523 అంటే 2023లో 35వ వారం. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చింది. అరుదైన కొలతల టైర్లు గోదాములో ఏళ్ళ తరబడి ఉండి అమ్ముడయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనుక, ధర కంటే ముందు ఈ అంకెలనే చూడాలి.

చలి దేశాలలో

షికాగో, డెట్రాయిట్, టొరంటో వంటి నగరాలలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పాత స్పోర్ట్స్ కారు వేసవిలో చవకగా దొరికితే, దానికి ఉన్నవి వేసవి టైర్లేమో మొదట చూడాలి. వెనుక చక్రాలకు శక్తి అందే కారయితే మరింత జాగ్రత్త అవసరం. వెడల్పు టైరు మంచులోకి దిగకుండా పైపైన తేలుతుంది, ఇంజను బలమంతా చక్రాలు తిరగడానికే సరిపోతుంది. ఏబీఎస్ వంటి ఎలక్ట్రానిక్ సాధనాలు ఉన్న పట్టును పొదుపుగా వాడగలవు గాని లేని పట్టును పుట్టించలేవు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు సులభంగా బయలుదేరుతుంది. ఆగేటప్పుడు మాత్రం దానికీ టైర్లే దిక్కు.

టైరు పక్కగోడపై మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు పలుకు ఉన్న ముద్రను చూచి కొనాలి. 1999 నుండి వాడుకలో ఉన్న ఈ ముద్ర, టైరు మంచుపై పరీక్షలో నెగ్గినట్లు తెలుపుతుంది. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే అవి గాళ్ళ ఆకృతిని గురించి కంపెనీ చెప్పుకొన్న మాట మాత్రమే. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుండి శీతాకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి.

వీటిని నాలుగు చక్రాలకూ వేయాలి. డబ్బు ఆదా చేద్దామని రెండే కొనడం తరచుగా కనిపించే పొరపాటు. ముందు మాత్రమే వేస్తే మలుపులో వెనుక భాగం తిరిగిపోతుంది. వెనుక మాత్రమే వేస్తే స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే పోతుంది.

కొలతలో కొంచెం సన్నని టైరును, ఒక అంగుళం చిన్న రిమ్మును ఎంచుకోవడం మంచిది. ఉదాహరణకు 245/40 ఆర్ 18 టైరు మొత్తం వ్యాసం 653 మిల్లీమీటర్లు. దానికి బదులు 225/50 ఆర్ 17 వేస్తే వ్యాసం 657 అవుతుంది, స్పీడోమీటరు లెక్క దాదాపు తప్పదు. సన్నని టైరు మంచును కోసుకొని కిందికి దిగుతుంది, ఎత్తైన పక్కగోడ గుంతల దెబ్బను ఓర్చుకొంటుంది. అయితే స్పోర్ట్స్ కార్ల బ్రేకులు పెద్దవి గనుక చిన్న రిమ్ము వాటికి తగులుతుందేమో ముందుగా బిగించి చూడాలి. శీతాకాలపు టైర్లకు వేగపు హద్దు తక్కువ కావచ్చును. హెచ్ అక్షరం ఉంటే గంటకు 210 కిలోమీటర్లు, వై ఉంటే 300. మంచు రోడ్డు మీద ఈ తేడా వలన లోటేమీ లేదు.

గాలి విషయంలో వాయు నియమాలు చదివిన విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. సెప్టెంబరులో 20 డిగ్రీల వద్ద 32 పి.ఎస్.ఐ. నింపిన టైరులో, గాలి ఏమాత్రం కారకపోయినా, జనవరిలో సున్నాకు 15 డిగ్రీల దిగువన సుమారు 26 మాత్రమే ఉంటుంది. వసంతం వచ్చి ఉష్ణోగ్రత 7 డిగ్రీల పైన నిలకడగా ఉండగానే ఈ టైర్లను విప్పి, కడిగి, ఎండ తగలని చోట భద్రపరుస్తారు.