మిసెస్ డోటీ గారబ్బాయి

చిన్నప్పుడు ఓ విలేకరి ఆడ్రీ హెప్‌బర్న్ గురించి ఆరా తీస్తే, లూకా డోటీ తాను మిసెస్ డోటీ కొడుకునని చెప్పాడట. ‘రోమన్ హాలిడే’కి ఆస్కార్ అందుకున్న తార ఇంట్లో అంత మామూలు అమ్మ!

1970లో పుట్టిన లూకా, 2015లో ‘ఆడ్రీ ఎట్ హోమ్’ అనే పుస్తకం తెచ్చాడు. అమ్మ జీవితాన్ని వంటింటి మీదుగా చెప్పడం అందులోని తమాషా. ఆమెకు ప్రాణమైన వంటకం టమాటా స్పగెటీ. ఇదేదో వంటల పుస్తకమే కదా అని తీసిపారేయకండి. ఈ తిండి ముచ్చట్ల వెనక ఒక ఆకలి ఉంది. 1944-45 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలండ్‌లో జనం తులిప్ దుంపలు తిని బతికారు. పదిహేనేళ్ల ఆడ్రీ అప్పుడు అక్కడే ఉంది.

కొడుకుల పెంపకం కోసం ఆమె 1967 తర్వాత కొన్నేళ్లు సినిమాలకు దూరమైంది. స్విట్జర్లాండ్‌లోని తొలొషెనా పల్లెలో కూరగాయల తోట పెంచింది.

పెద్దకొడుకు షాన్ 2003లోనే అమ్మ గురించి రాశాడు. కానీ ఆమె పక్కన భోజనానికి కూర్చున్నట్టు ఉండాలంటే తమ్ముడి పుస్తకమే చదవాలి.

1992లో యూనిసెఫ్ తరఫున కరువుతో అల్లాడుతున్న సోమాలియా వెళ్లొచ్చిన ఆడ్రీ, మరుసటి జనవరిలో 63 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్నుమూసింది. సమాధి తొలొషెనాలోనే ఉంది.