చింతచెట్లు చెప్పే చుట్టరికం

ఆస్ట్రేలియా అనగానే మనకు సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలు గుర్తుకొస్తాయి. ఆ ఖండపు ఉత్తర తీరాన డార్విన్ అనే చిన్న నగరం ఉంది. అక్కడ ప్రధానంగా రెండే కాలాలు. మే నుంచి అక్టోబరు దాకా పొడికాలం, ఆ తర్వాత వానాకాలం. యాత్రికులు ఎక్కువగా వెళ్లేది పొడికాలంలోనే.

వారికి అక్కడ విశేషాలకు కొదవ లేదు. ఆ నెలల్లో గురు, ఆదివారాల సాయంత్రం మిండిల్ బీచ్‌లో పెద్ద సంత జరుగుతుంది. అడిలైడ్ నదిలో పడవ మీంచి మాంసం వేలాడదీస్తే మొసళ్లు నీటిలోంచి నిలువునా పైకి లేస్తాయి. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు నగరంపై బాంబులు కురిపించిన కథనూ, 1974 క్రిస్మస్ నాడు ట్రేసీ తుఫాను నగరాన్ని నేలమట్టం చేసిన కథనూ అక్కడ చెబుతారు. అయితే చాలామంది దృష్టికి రాని మరో సంగతిని మేము మా పాఠకుల ముందుంచదలిచాం.

నగరంలోని మ్యూజియంలో ‘హాతి మరెగె’ అనే తెరచాప ఓడ ఉంది. మరెగె అంటే ఈ తీరానికి ఇండోనేషియాలోని మకస్సర్ నావికులు పెట్టుకున్న పేరు. వారిలో ఎక్కువమంది ముస్లింలు. ఆంగ్లేయులు ఈ ఉత్తర తీరాన నివాసాలు ఏర్పరచుకోకముందే వారు ఏటా డిసెంబరు ప్రాంతంలో రుతుపవనాల గాలివాలున ఇక్కడికి వచ్చేవారు. సముద్ర దోసకాయలను పట్టి, ఉడికించి, ఎండబెట్టి, గాలి మళ్లగానే తిరిగి వెళ్లేవారు. ఆ సరుకు చైనాకు చేరేది. 1803లో ఆంగ్ల నావికుడు ఫ్లిండర్స్‌కు వారి ఓడలు ఈ తీరంలోనే ఎదురయ్యాయి.

డార్విన్‌కు తూర్పున ఉన్న ఆర్నెమ్ లాండ్‌లో యోల్ంగు ఆదివాసులతో వారికి సంబంధాలు ఏర్పడ్డాయి. తగాదాలూ, రక్తపాతమూ లేకపోలేదు. అయినా కొందరు ఆదివాసులు వారి ఓడలెక్కి మకస్సర్ చూసి వచ్చారు. యోల్ంగు భాషలో డబ్బును నేటికీ ‘రుపియా’ అంటారు. ఆ మాట మన రూపాయికి చుట్టమే. నావికుల విడిదుల దగ్గర మొలిచిన చింతచెట్లు ఇప్పటికీ ఆ తీరాన నిలిచి ఉన్నాయి.

ఈ రాకపోకలను ఆపింది తుఫాను కాదు, సర్కారు. ఆ ప్రాంతాన్ని అప్పట్లో పాలించిన దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం మొదట సుంకాలు వేసింది, తర్వాత లైసెన్సులు నిరాకరించింది. 1907లో చివరి ఓడ వెళ్లిపోయింది. విడిపోయిన బంధువులు మళ్లీ కలవడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1988లో పాత పద్ధతిలో కట్టిన హాతి మరెగె మకస్సర్ నుంచి బయలుదేరి ఆర్నెమ్ లాండ్ చేరినప్పుడు యోల్ంగులు ఆ నావికులను చుట్టాల్లా ఆదరించారు.

నేటికీ ఆర్నెమ్ లాండ్‌లో అడుగుపెట్టాలంటే అనుమతిపత్రం తీసుకోవాలి. కొందరు యాత్రికులకు ఇది చికాకు కలిగించవచ్చు. పరాయి గడప తొక్కేముందు అనుమతి అడగడం మనకు కొత్తేమీ కాదు. మీరుగానీ, ఆస్ట్రేలియాలో ఉన్న మీవారుగానీ డార్విన్ వెళితే మొసళ్లను తప్పక చూడండి. ఆ తర్వాత ఒక పూట ఆ ఓడ దగ్గర కూడా నిలబడి రండి.