పసుపు లేని సిగ్నల్

రైలూళ్ళో పుట్టి పెరిగినవాడికి ఎర్రదీపం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లో మా మథురాకాటి వైపు ఏ తెలుగింట్లో అడిగినా, ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవరు ఉద్యోగం ఏమవుతుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపునీ షెడ్డునీ నమ్ముకున్న ఇళ్ళు మావి. అలాంటిది, రైల్వేలోనే రిటైరైన మా పక్కింటి బాబాయి శ్రీకాకుళం నుంచి కారులో వస్తూ, బెల్దా దగ్గర డ్యాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే, "ఇంకెంత, ఇంటికెళ్ళి చూద్దాం" అని ఖరగ్‌పూర్ దాకా లాగించేశాడు.

మర్నాడు మెకానిక్కు ఇంజిను కింది చాంబరు విప్పాడు. అతనిదీ శ్రీకాకుళమే. ట్రేలోకి కారిన నల్లటి నూనెలో ముగ్గుపిండి చల్లినట్టు సన్నటి మెరుపు. బేరింగు షెల్ ఒకటి తీసి గుడ్డతో తుడిచి చేతిలో పెట్టాడు. బూడిదరంగులో నున్నగా ఉండాల్సింది గీతలు పడి, మధ్యలో రాగిరంగు తేలింది. "ఏటి బాబూ, లైటెలిగితే ఆపాల గదా!" అన్నాడు. బాబాయి మాట్లాడలేదు.

ఆయన్ని మరీ తప్పుపట్టలేను. చాలామంది ఆ దీపాన్ని "నూనె తగ్గింది, వీలున్నప్పుడు పోయించు" అనే కబురుగా చదువుతారు. అది చెప్పేది ఒత్తిడి గురించి. చాలా కార్లలో ఆ దీపాన్ని వెలిగించే స్విచ్చి, ఒత్తిడి ఏ 5, 7 పీఎస్ఐకో పడిపోయాక గానీ కదలదు. పరుగులో 40, 50 ఉండాల్సిన చోట అది దాదాపు శూన్యం. రైల్వే సిగ్నల్‌కి ఎరుపుకి ముందు పసుపు ఉంటుంది, జాగ్రత్త పడటానికి. ఈ దీపానికి పసుపు దశే లేదు. కొన్ని కార్లలో కనిపించే పసుపు దీపం నూనె మట్టానిది, దీనిది కాదు.

డీజిల్ లోకోలో అయితే ఈ నిర్ణయం మనిషికి వదలరు. నూనె ఒత్తిడి హద్దు దాటి పడిపోతే ఇంజిను వేగాన్ని అదుపుచేసే గవర్నరే దాన్ని ఆపేస్తుంది, డ్రైవరుని అడగదు. కారు మాత్రం దీపం వెలిగించి మన బుద్ధికి వదిలేస్తుంది. అందుకే ముందు చేయాల్సింది ఒకటే: బండి పక్కకి తీసి ఇంజిను ఆపడం. ఇంటికి రెండు కిలోమీటర్లే అయినా సరే.

ఇంతకీ ఒత్తిడి ఎక్కడ పుడుతుంది? పంపులో అంటారు అందరూ. పంపు నూనెని తోస్తుంది, అంతే. కుళాయికి తగిలించిన ట్యూబు కొస బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి, వేలు తీస్తే జారిపోతాయి. కుళాయి అదే, నీళ్ళు అవే. ఇంజినులో ఆ బొటనవేలు క్రాంకుకీ బేరింగుకీ మధ్య ఉండే వెంట్రుకంత సందు. సందు అరిగి రెట్టింపైతే అందులోంచి జారే నూనె రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. పంపు ఎంత తోసినా ఒత్తిడి నిలవదు.

ఆ సందులో నూనె ఏం చేస్తుందో మొదట బయటపడింది రైలు ఇరుసు బేరింగుల తరహా పరీక్షల్లోనే. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు, తిరుగుతున్న ఇరుసు మీద కూర్చున్న ఇత్తడి బేరింగుకి నూనె పోయడానికని పైన బెజ్జం వేశాడు. నూనె లోపలికి పోవడం మాని పైకి ఉబికింది. బిరడా పెడితే తన్నేసింది. చెక్క మేకు కొడితే అదీ ఊడింది. గేజి పెడితే ముల్లు 200 పీఎస్ఐ దాటింది. తిరిగే ఇరుసే నూనెని చీలలా లోపలికి లాక్కుంటోంది, బేరింగు ఆ నూనె పొర మీద తేలుతోందన్నమాట. మూడేళ్ళకి ఆస్బర్న్ రెనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. కారులోనూ బరువు మోసేది ఆ పొరే. పంపు నూనె అందించకపోతే పొర చిరిగి లోహం లోహాన్ని కొరుకుతుంది.

ఇక రోగం కనుక్కోవడం. ఇంజిను ఆపి పది నిమిషాలాగి, చదును నేల మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. నూనె తక్కువుంటే ఎటు పోయిందో వెతకాలి, పోసి ఊరుకోవడం కాదు. మట్టం బాగానే ఉందా, వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే ఇంధనం కలిసి పలచనైనట్టు. పాల టీ రంగు తిరిగితే నీళ్ళు కలిశాయి. డీజిల్ షెడ్డు ల్యాబుల్లోనూ నూనె నమూనాలు పరీక్షిస్తారు, బ్లాటింగు కాగితం మీద చుక్క వేసి మరక ఎలా పాకిందో చూడటంతో సహా. ఖరీదైన యంత్రాన్ని విప్పే ముందు నూనెని అడగడం అక్కడి అలవాటు.

ఆ తర్వాతే గేజి. ఒత్తిడి స్విచ్చిని విప్పి, ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజి బిగించి, ఇంజిను బాగా వేడెక్కాక ఐడిల్లో ఒకసారి, నిమిషానికి 2,500 చుట్లకి పెంచి ఒకసారి రీడింగు తీయాలి. ప్రతి వెయ్యి చుట్లకీ 10 పీఎస్ఐ అన్నది పాత మెకానిక్కుల మోటు లెక్క; మీ బండి పుస్తకంలో ఉన్న అంకెదే చివరి మాట. రీడింగు బాగుంటే దోషం స్విచ్చిదో వైరుదో, చవకలో పోతుంది. వేడి ఐడిల్లో పడిపోయి, రేసు చేస్తే లేస్తుంటే నూనె పలచనైందనో బేరింగులు అరిగాయనో అనుమానించాలి. ఐడిల్లో బాగుండి, హైవే మీద పడిపోతుంటే పంపు మూతి దగ్గరి జాలీకి మడ్డి పట్టిందేమో చూడాలి. చాంబరుకి స్పీడు బ్రేకరు తగిలి సొట్ట పడినా జాలీ మూతి మూసుకోవచ్చు. రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కోవడం, పంపు అరగడం వాటి తర్వాతి సంగతులు.

బాబాయి కారుకి అప్పటిదాకా ఈ గేజి పెట్టినవాళ్ళే లేరు. రెండు నెలల ముందే, మా ఊళ్ళోని పూరీ గేటు దగ్గర బండ్ల మధ్య ఆగినప్పుడల్లా దీపం మినుకుమినుకుమనేదట. ఓ గ్యారేజీ వాళ్ళు స్విచ్చి మార్చి, కంపెనీ చెప్పినదానికన్నా చిక్కటి నూనె పోశారు. దీపం ఆరింది. చిక్కటి నూనె అరిగిన సందులోంచి నెమ్మదిగా జారుతుంది కాబట్టి ఒత్తిడి కాస్త లేస్తుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. జ్వరానికి మాత్ర వేసి తెమడ పరీక్ష మానేయడం లాంటి వైద్యమిది. దీపం ఆర్పడమే పనైతే బల్బు పీకినా చాలు కదా!

క్రాంకు గ్రైండింగుకి వెళ్ళొచ్చింది, షెల్స్ కొత్తవి పడ్డాయి, జాలీ కడిగారు. ఇంజిను వేడెక్కాక మెకానిక్కు గేజి బిగించి, ఐడిల్లో 18, రెండున్నర వేలకి 46 అని చదివాడు. బాబాయి మార్కరు పెన్ను అడిగి తీసుకుని, రైలు కోచ్‌ల మీద పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) తేదీ రాసినట్టు, బానెట్టు లోపలివైపు ఆ రెండంకెలూ తేదీ వేసి రాసుకున్నాడు.