రాకెట్టు పడింది, మనిషిని పడనీయలేదు

శ్రీహరికోట నేర్పుతున్న కొలువు పాఠం

సూళ్లూరుపేట: ఉదయం పూట పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద షార్ ఉద్యోగుల బస్సులు వరుసగా సాగుతాయి. అందులో శాస్త్రవేత్తలు ఉంటారు. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు కూడా ఉంటారు. రాకెట్టు లేచిన రోజున పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. ఆ మంటను, పొగను ఈ ప్రాంతంలో చూడనివారు లేరు. కాని దాని వెనుక పనిచేసే మనుషులను ఎలా ఎంచుకుంటారో, వారి చేత ఎలా పని చేయిస్తారో తెలిసినవారు తక్కువ. రాకెట్టు కన్నా ముందు తెలుసుకోవలసింది ఆ సంగతే.

పంట పండితే కామందు గొప్ప, ఎండితే పాలేరు తప్పు అనడం పల్లెల్లో కొత్త కాదు. శ్రీహరికోటలో ఒకసారి ఇందుకు సరిగ్గా తలకిందులుగా జరిగింది.

అనుభవం లేని కుర్రవాళ్లే

1960లలో మన దేశంలో రాకెట్ల పని తెలిసినవారు దాదాపు లేరు. డాక్టర్ విక్రం సారాభాయ్ కేరళలోని తుంబాలో కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు అనుభవజ్ఞుల కోసం ఎదురు చూడలేదు. చదువు ముగించి ఎంతో కాలం కాని యువ ఇంజనీర్లను చేర్చుకున్నారు. కొందరిని శిక్షణకు అమెరికా పంపారు. పాత చర్చి భవనమే వారి కార్యాలయం. 1963 నవంబరు 21న అక్కడి నుంచి తొలి రాకెట్టు లేచింది. ఆ బృందంలోని ఒక యువకుడే తరువాత రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలాం.

శ్రీహరికోట నుంచి తొలి చిన్న రాకెట్టును 1971 అక్టోబరు 9న ప్రయోగించారు. అదే ఏడాది డిసెంబరులో సారాభాయ్ మరణించారు. 1972లో ఇస్రో పగ్గాలు ప్రొఫెసర్ సతీష్ ధావన్ చేతికి వచ్చాయి. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టగల తొలి రాకెట్టు ఎస్ఎల్‌వీ-3 పనిని కలాం చూశారు.

యంత్రం వద్దన్నా...

1979 ఆగస్టు 10. ఏళ్ల తరబడి వందలాది మంది పడిన కష్టం ఫలించవలసిన రోజు. రాకెట్టు లేవడానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు ప్రయోగాన్ని ఆపింది. ఎక్కడో లోపం ఉన్నదని సూచించింది. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి ఫరవాలేదన్నారు. కలాం కంప్యూటరును పక్కన పెట్టి ప్రయోగానికి అనుమతించారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశ అదుపు తప్పింది. సుమారు 5 నిమిషాలకే అంతా బంగాళాఖాతం పాలయింది. రెండవ దశను అదుపులో ఉంచే వ్యవస్థలోంచి ఆమ్లం కారిపోవడమే కారణమని తరువాత తేలింది.

బయట విలేకరులు ఎదురు చూస్తున్నారు. కోట్ల రూపాయలు సముద్రంలో కలిపారన్న మాట రాక తప్పదు. కలాంను ముందుకు నెట్టి ధావన్ తప్పుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. తానే వెళ్లి విలేకరుల ముందు కూర్చున్నారు. వైఫల్యం బాధ్యతను తన మీద వేసుకున్నారు. తన బృందం మీద తనకు నమ్మకం ఉందని, మరుసటి ఏడాది వారు గెలుస్తారని చెప్పారు.

లోపల జరిగిన సమీక్షలో కలాం లేచి నిలబడి, లోపాన్ని చిన్నదిగా భావించి ముందుకు పోవడం తన తప్పేనని ఒప్పుకున్నారు. ఆయనను ఎవరూ తొలగించలేదు. పని ఆయన చేతిలోనే ఉంచారు.

1980 జులై 18 ఉదయం ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి ధావన్ విలేకరుల దగ్గరకు తాను పోలేదు. కలాంను వెళ్లి మాట్లాడమన్నారు. ఓడినప్పుడు పెద్ద ముందు నిలిచారు, గెలిచినప్పుడు వెనక్కు తగ్గారు. కలాం ఈ సంగతిని జీవితాంతం సభల్లో చెబుతూ వచ్చారు. 2002లో ధావన్ మరణించిన తరువాత షార్ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

తప్పును వెదకాలి, మనిషిని కాదు

తరువాత కూడా ఓటములు తప్పలేదు. 1987లో, 1988లో ఏఎస్ఎల్‌వీ రాకెట్లు కూలిపోయాయి. 1993లో తొలి పీఎస్ఎల్‌వీ సముద్రంలో పడింది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 కూడా విఫలమయింది. పడిన ప్రతిసారీ నిపుణుల కమిటీ వేసి ఎక్కడ, ఏ క్షణాన, ఏ భాగం చెడిందో వెదకడం ఇస్రోలో ఆనవాయితీ. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుని మీద కూలింది. ఏమేమి చెడిపోగలదో ముందే ఊహించి, వాటికి తట్టుకునేలా చంద్రయాన్-3ను తయారు చేశారు. అది 2023 ఆగస్టు 23న చంద్రుని మీద నిలిచింది.

ఇదంతా సాగాలంటే ఒకటి కావాలి. తప్పు చూసినవాడు, తప్పు చేసినవాడు భయం లేకుండా నోరు విప్పగలగాలి. చెబితే ఉద్యోగం ఊడుతుందని భయపడే చోట బోల్టు వదులుగా ఉన్నా ఎవరూ చెప్పరు.

ఈ పనిలో ప్రాణాలు కూడా పోతాయి. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. ఇటువంటి చోట ‘ఆగండి’ అనగలగడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది.

2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను ప్రయోగించవలసి ఉంది. చూడడానికి రాష్ట్రపతి స్వయంగా శ్రీహరికోటకు వచ్చారు. ఇంకా 56 నిమిషాలుండగా సాంకేతిక లోపం కనబడింది. ప్రయోగం ఆపేశారు. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు గనుక ఎలాగో కానిద్దామని అనుకోలేదు. లోపం సరిచేసి వారం తరువాత 22న ప్రయోగిస్తే సజావుగా వెళ్లింది. 1979లో యంత్రం ఆగమన్నా ఆగని చోటనే, 40 ఏళ్లకు దేశపెద్ద ఎదుట ఆగగలిగారు. పని నేర్చుకోవడమంటే ఇదే.

ఐటీఐ వారికీ చోటు

షార్‌లో పనంటే పెద్ద చదువుల వారికే అని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంజనీరింగ్ పట్టభద్రులను శాస్త్రవేత్త, ఇంజనీరు పోస్టులకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు. డిప్లొమా వారికి టెక్నికల్ అసిస్టెంటు పోస్టులుంటాయి. పదవ తరగతి పాసై ఐటీఐ చేసినవారికి టెక్నీషియన్ పోస్టులుంటాయి. టెక్నీషియన్లకు రాతపరీక్షతో పాటు చేతిపని పరీక్ష పెడతారు. ఫిట్టరు నిజంగా ఫిట్టరేనా అన్నది అక్కడ తేలిపోతుంది.

2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇటువంటి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. గదిలో కూర్చున్న పెద్దమనిషి ఇష్టాయిష్టాలకు అక్కడ తావు లేదు. కనుక ఫలానావారు తెలుసు, డబ్బిస్తే పని అవుతుందనే దళారుల మాటలు నమ్మి ఎకరా, అరెకరా అమ్ముకోవడం తెలివితక్కువ. ప్రకటన వెలువడేది సంస్థ నుంచే. మార్కులే సిఫారసు.

మన ఊళ్లకూ ఇదే పాఠం

రాకెట్టు కేంద్రానికి పనికొచ్చిన పద్ధతి మన రైసుమిల్లుకు, రొయ్యల హేచరీకి, సహకార సంఘానికి పనికిరాకపోదు. మోటారు కాలిపోయిందని కుర్రవాణ్ని నలుగురిలో తిడితే, రేపు మోటారు వేడెక్కినా వాడు చెప్పడు. అదే యజమాని దగ్గర కూర్చోబెట్టుకొని ఎందుకు కాలిందని అడిగితే, మరొక మోటారు మిగులుతుంది. మంచి పనివాడు జీతం చూసి వస్తాడు, మర్యాద చూసి ఉంటాడు.

ఒక్క సంగతి మరువరాదు. కేంద్రం రాకముందు ఆ దీవిలో యానాది కుటుంబాలు బతికేవి. రాకెట్ల కోసం వారు చోటు ఖాళీ చేశారు. వారి పిల్లలు గేటు బయటనే నిలబడి పొగను చూసే స్థితి పోవాలంటే, చుట్టుపక్కల బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పే ఉపాధ్యాయులు ఖాళీలు లేకుండా ఉండాలి. ఐటీఐలలో యంత్రాలు తిరుగుతూ ఉండాలి. పరీక్షలకు తరిఫీదు ఊరి దగ్గరే దొరకాలి. సరస్సు మీద ఉదయం సాగే ఆ బస్సుల్లో మన ఊరి పిల్లలకూ చోటు దొరికేది అప్పుడే.