ఎవరి పాపం?

తార్నాకలో ఉంటూ ఉస్మానియాలో చదువుతున్న ఓ తమ్ముడు మా యవ్వనస్థుల కూటానికి వస్తాడు. పుట్టుకతోనే తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దానితో చేరే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా మందులు వాడాలి.

'ఎవరి పాపమో' అని మేమూ గుసగుసలాడాం. సిగ్గుపడుతున్నాం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యులోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వారు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులూ ఇలాగే అడిగారు (యోహాను 9). ప్రభువు ఆ నింద వాడిమీదా, కన్నవారిమీదా పడనివ్వలేదు.

ఎన్నాళ్లుంటాడోనని మేం లెక్కలు వేస్తుంటే, అతడు ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద జూనియర్లకు పాఠం చెబుతున్నాడు.

మొన్న మేం ఆరుగురం రక్తం ఇచ్చాం. సూదికి జడిసిన మావాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది అతడే.