ఇంటి గరాజులో ఇంజను మార్పిడి

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది కొనే మొదటి కారు ఓ పాత హోండానో, పాత టయోటానో అయి ఉంటుంది. బాడీ బాగానే ఉంటుంది, ఏసీ పనిచేస్తుంటుంది. ఒకరోజు ఫ్రీవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతుంది, ఇంజను కాస్తా పోతుంది. షాపువాడు చెప్పే ధర కారు ఖరీదుని మించిపోతుంది. ఇక మిగిలినవి రెండే దారులు: కారుని తుక్కు కింద అమ్మెయ్యడం, లేదా సెకండ్ హ్యాండ్ ఇంజనొకటి తెచ్చి మనమే బిగించుకోవడం. రెండోదానిలో బ్రహ్మవిద్యేమీ లేదు. కావలసింది ఓపికా, రెండు మూడు వారాంతాలూ, చెయ్యందించడానికి ఒక మిత్రుడూ. అయితే ప్రాణాలకి సంబంధించిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర మాత్రం బేరాలు పనికిరావు.

ఇంజనుని బయటికి తియ్యడానికి ప్రధానంగా రెండు పద్ధతులు: పైకి ఎత్తడం, కిందికి దించడం. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో ఇంజను వెనకవైపు ఉంటుంది, దాన్ని గేర్‌బాక్సుకి పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. కింద జాకీ పెట్టి దించేస్తారు. ఇప్పటి ముందుచక్రాల కార్లలో చాలావాటికి ఇంజనూ, ట్రాన్స్‌మిషనూ సబ్‌ఫ్రేముతో సహా కిందికి దించడం తేలికే, కానీ దానికి కారుని బాగా పైకి లేపే లిఫ్టు కావాలి. అది షాపుల్లో ఉంటుంది, మన గరాజులో ఉండదు. కాబట్టి పాత కార్లకి పైకి ఎత్తే పద్ధతే ఇంటికి అనువైనదని నా అభిప్రాయం.

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకి చెయిన్ కప్పీతో ఇంజను లేపెయ్యడం గుర్తొస్తుంది. ఆ ధైర్యంతో గరాజు పైకప్పు దూలానికి కప్పీ కట్టకండి. ఇక్కడి ఇళ్ళ చెక్క దూలాలు కప్పు బరువు మొయ్యడానికి కట్టినవి, ఇంజను వేలాడదియ్యడానికి కాదు. చక్రాలున్న ఇంజను హాయిస్టు అద్దెకి దొరుకుతుంది. రెండు టన్నుల హాయిస్టు అని రాసి ఉన్నా, దాని చెయ్యిని పూర్తిగా బయటికి లాగితే సాధారణంగా అర టన్ను మాత్రమే మోస్తుంది. ఆ అంకెలు చెయ్యి మీదే రాసి ఉంటాయి, చదవండి. నేల చదునైన కాంక్రీటు అయి ఉండాలి. ఇంజను గాలిలో ఉన్నంతసేపూ దాని కింద చెయ్యిగానీ కాలుగానీ పెట్టకూడదు. కారు కింద దూరేటప్పుడు జాకీని నమ్మకండి, స్టాండులు వెయ్యండి.

ఉదాహరణకి 1996-2000 మధ్య అమెరికాలో అమ్మిన హోండా సివిక్ తీసుకుందాం. డిఎక్స్, ఎల్ఎక్స్ మోడళ్ళలో డి16వై7 ఇంజను, 106 హార్స్‌పవర్. ఈఎక్స్‌లో వీటెక్ ఉన్న డి16వై8, 127 హార్స్‌పవర్. రెండూ 1.6 లీటర్లే, చూడటానికి అన్నదమ్ముల్లాగే ఉంటాయి. అయినా ఒకదాని స్థానంలో రెండోది పెడితే కంప్యూటరూ, వైరింగూ కూడా మార్చాల్సి వస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఉన్న ఇంజనునే వెతుక్కోవడం మంచిది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు: కొత్తగా పెట్టే ఇంజను కారు తయారైన సంవత్సరానిదో, తర్వాతదో అయి ఉండాలి, పొగ నియంత్రణ సామగ్రి అంతా ఉండాలి.

కొనేముందు పాత ఇంజను ఎందుకు పోయిందో తేల్చుకోండి. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే, కొత్త ఇంజను కూడా అదే దారి పడుతుంది.

విప్పడం మొదలుపెట్టేముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజను తిరిగే స్థితిలో ఉంటే దానంతటది ఆగేదాకా నడిపితే పైపుల్లో ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకీ, పెంపుడు జంతువులకీ అందకుండా మూతపెట్టండి. ఏసీ గ్యాసుని గాలిలోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, కాబట్టి పైపులు విప్పకుండా కంప్రెసర్‌ని మాత్రం ఊడదీసి పక్కకి కట్టెయ్యాలి. ప్రతి వైరుకీ టేపు అంటించి పేరు రాయండి, ఫోటో తియ్యండి. కామెంట్లు లేని కోడు ఆరునెలల తర్వాత చదివినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు!

ఆటోమేటిక్ కారైతే ఇంజనూ, ట్రాన్స్‌మిషనూ కలిపి తియ్యమంటాను. యాక్సిళ్ళు ఊడదియ్యాల్సిన పని ఎలాగూ పడుతుంది, కానీ రెండిటినీ నేలమీద పెట్టుకుని తీరిగ్గా కలపొచ్చు. ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. టార్క్ కన్వర్టర్ ట్రాన్స్‌మిషన్ లోపలికి పూర్తిగా కూర్చోవాలి. తిప్పుతూ లోపలికి నెడితే అంచెలంచెలుగా దిగుతుంది. సగం దిగినదాన్ని అలాగే వదిలి బోల్టులు బిగిస్తే లోపలున్న పంపు విరుగుతుంది, ట్రాన్స్‌మిషన్ పోతుంది. గుర్తు ఏమిటంటే, రెండు ముఖాలూ చేత్తో నెడితేనే కలుసుకోవాలి. మధ్యలో సందు మిగిలితే పానాతో లాగకండి, వెనక్కి తీసి మళ్ళీ చూడండి. కలిసిన తర్వాత కన్వర్టర్ చేత్తో తిప్పితే తిరగాలి.

ఇంజను బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు మార్చెయ్యండి. ఈ హోండాలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, పడిన శ్రమంతా గంగపాలు. ఇంకోమాట, చాలా ఇంజన్లకి భిన్నంగా ఇది అపసవ్యదిశలో తిరుగుతుంది. క్రాంక్ కప్పీ బోల్టు మహా మొండిది, పొడుగాటి పైపు లేకుండా కదలదు.

బిగించాక తాళం తిప్పి వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. ఫ్యూయల్, స్పార్కు రెండూ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా విడతలు విడతలుగా స్టార్టర్ తిప్పండి. బేరింగులకి నూనె అందాకే అసలు స్టార్టు. కూలెంట్‌లో గాలి బయటికి పోయేదాకా హీటరు పూర్తిగా వేసి ఉంచి, ముల్లు మీద కన్నేసి, కింద ఎక్కడైనా కారుతోందేమో చూస్తూ ఉండండి.

పాత నూనెని ఆటో పార్ట్స్ షాపుల్లో చాలావరకు ఊరికే తీసుకుంటారు. పాత ఇంజనుని మాత్రం వెంటనే పారెయ్యకండి. దాన్ని తిరిగి ఇస్తే కోర్ డిపాజిట్ వాపసు ఇచ్చే అమ్మకందార్లున్నారు. పైగా కొత్తదానికి ఏదో ఒక బ్రాకెట్టో, సెన్సారో తక్కువవ్వడం దాదాపు ఖాయం.